చెరువుగట్టు వాలులో బిగుసుకున్న స్టీరింగ్: ఒక కేసు పూర్తి వివరాలు

బండి పదేళ్లు దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేరు, విద్యుత్ మోటారుతో నడిచే పవర్ స్టీరింగ్, కీ తిప్పి స్టార్ట్ చేసే రకం. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కొన్నప్పుడు చేతికి వచ్చింది ఒకే ఒక్క కీ. యజమాని నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో ఉపాధ్యాయుడు. అమావాస్య రాత్రి కుటుంబంతో మా నల్లగొండ జిల్లా చెరువుగట్టు గుడికి, జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి వచ్చారు. తిరిగి వెళ్దామని కారెక్కితే కీ తిరగలేదు. స్టీరింగ్ కొద్దిగా కదిలినట్టే కదిలి ఠక్కున ఆగిపోతోంది. నల్లగొండలో కార్ల మరమ్మతు షెడ్డు ఉన్న నాకు ఫోను వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

ఇలాంటి ఫోన్లు మా వృత్తిలో కొత్త కాదు. అయినా ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే స్టీరింగ్ లాక్ తనంతట తాను చెడిపోయి బిగుసుకునే సందర్భాలు తక్కువ. దాని మీద బరువు పడి బిగుసుకునేవే ఎక్కువ. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా కీ మీద బలం చూపితే, నిమిషంలో తీరాల్సిన ఇబ్బంది వారం పనిగా మారుతుంది. ఇక్కడ కూడా అసలు లోపం లాక్‌లో లేదు. అది ఎక్కడ దొరికిందో వరుసగా చెబుతాను.

బయలుదేరే ముందు ఫోనులోనే కొన్ని ప్రశ్నలు అడిగాను. కీ పూర్తిగా లోపలికి వెళ్తోందా? స్టీరింగ్ ఏ వైపుకు కొంచెం కదులుతోంది, ఏ వైపు రాయిలా ఉంది? ముందు చక్రం దేనికైనా ఆని ఉందా? డాష్‌బోర్డు మీద లైట్లు వస్తున్నాయా?

"టైరు గట్టు రాయికి ఆని ఉంది తమ్ముడూ. మా వాడు ఎడమకు తిప్పి పెట్టాడు."

"కీని దేనితోనైనా పట్టి తిప్పారా సార్?"

కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత చెప్పారు: పక్క బండి డ్రైవరు దగ్గర కటింగ్ ప్లేయర్ తీసుకుని వాళ్ల అబ్బాయి రెండు మూడుసార్లు గట్టిగా తిప్పాడట. ఇక కీని ముట్టుకోవద్దని, స్టీరింగ్‌ను లాగవద్దని, ఎవరూ కారు ముందు నిలబడవద్దని చెప్పి బయలుదేరాను.

నేను వెళ్లి చూసిన స్థితి ఇది. కారు ముక్కు పల్లం వైపు ఉంది. ముందు చక్రాలు ఎడమకు దాదాపు పూర్తిగా తిరిగి, ఎడమ టైరు అంచు గట్టు రాయికి నొక్కుకుని ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్ బ్రేకు లివరు పైదాకా లేచి ఉంది. టైరు పక్కగోడ రాయి దగ్గర కొంచెం వంకరగా ఒత్తుకుపోయి కనిపించింది. నా దృష్టి ముందు అక్కడే ఆగింది.

లాక్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ వంకర ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. కీ పెట్టే బ్యారెల్ వెనుక, స్టీరింగ్ కాలమ్ లోపల ఒక ఉక్కు పిన్ ఉంటుంది. కీని బయటకు తీయగానే స్ప్రింగు ఆ పిన్నును షాఫ్ట్ వైపు, అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు చేరవేసే కడ్డీ వైపు, నెడుతుంది. షాఫ్ట్ చుట్టూ గాడులున్న కాలర్, అంటే కంకణం లాంటిది, ఉంటుంది. గాడి సరిగ్గా ఎదురుగా ఉంటే పిన్ వెంటనే దిగుతుంది. లేకపోతే కాలర్‌కు ఆనుకుని కాచుకుని ఉండి, ఎవరైనా స్టీరింగ్‌ను కొంచెం కదిలించినప్పుడు గాడిలో పడుతుంది. కారు దిగేటప్పుడు స్టీరింగ్ పట్టుకుని లేచే అలవాటున్నవాళ్లు తమకు తెలియకుండానే లాక్ వేసేది ఇలాగే. కీ మళ్లీ పెట్టి తిప్పితే పిన్ వెనక్కి రావాలి. కానీ షాఫ్ట్ ఒక పక్కకు నొక్కుతూ ఉంటే పిన్ గాడి గోడకు బిగుస్తుంది. బయట నుంచి ఒకరు తలుపును తోస్తుంటే లోపలి గడియ రాదు కదా, అదే ఇది. గడియ లాగేవాడి బలం చాలక కాదు, తోసేవాడు ఆగక. పిన్ వెనక్కి రాకపోతే బ్యారెల్ తిరగదు, బ్యారెల్ తిరగకపోతే కీ తిరగదు.

తోసేవాడు ఎవరు? మామూలు చోట నిలిపిన కారులో టైరే. ఇంజన్ నడుస్తుండగా పవర్ స్టీరింగ్ సాయంతో చక్రాన్ని చివరిదాకా తిప్పి, పట్టు వదలకుండా ఇంజన్ ఆపితే మోటారు సాయం పోతుంది. నేలను పట్టుకుని మెలిపడిన టైరు రబ్బరు తిరిగి సరి కావాలని చూస్తుంది. ఆ లాగుడంతా షాఫ్ట్ ద్వారా పిన్ మీదికి వస్తుంది. చాలా బండ్లలో ఈ బరువు చేతితో తీసేయగలిగినంతే. స్టీరింగ్‌ను ఏ వైపుకు కొద్దిగా కదులుతుందో ఆ వైపుకు మెల్లగా నొక్కి పట్టి, రెండో చేత్తో కీని సుతారంగా తిప్పితే లాక్ వదులుతుంది. రాయిలా ఉన్న వైపుకు నొక్కితే పిన్నును ఇంకా బిగించినట్టవుతుంది. అటూ ఇటూ ఊపడం కన్నా కదిలే వైపు పట్టి ఉంచడమే పని చేస్తుంది.

ఈ కారులో టైరు మెలికతో పాటు బండి బరువు కూడా తోడైంది. వాలులో కిందికి జారిన కారును రాయి ఆపింది. రాయి తగిలింది టైరు మధ్యలో కాదు, అంచుకు. అందువల్ల చక్రాన్ని పక్కకు తిప్పే బలంగా మారి ఆ బరువు స్టీరింగ్ షాఫ్ట్ దాకా వచ్చింది. నేను కుడివైపు, అంటే కదిలే వైపు, నొక్కి చూశాను. వేలు మందం కదిలింది కానీ పిన్ వదలలేదు. చేతి బలంతో తీసే బరువు కాదని తేలింది.

సమతలంలో అయితే ముందు చక్రాన్ని జాకీతో లేపితే చాలు. టైరు నేలను వదలగానే మెలిక వదులుతుంది, లాక్ కూడా వదులుతుంది. చుట్టూ చేరినవాళ్లు కూడా జాకీ పెట్టమనే అన్నారు. వాలులో, హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేని బండికి నేను జాకీ పెట్టను. ఆ రాత్రి కూడా పెట్టలేదు. కారును నాలుగు అంగుళాలు వెనక్కి, అంటే ఎత్తుకు, తోయాలని నిర్ణయించాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. పల్లం వైపు ముక్కు ఉన్న కారును వెనక్కి తోయాలంటే అందరూ బంపర్ ముందుకే వచ్చి నిలబడతారు. కారు జారితే మొదట నలిగేది వాళ్లే. అందుకని నలుగురిని రెండు పక్కలా తలుపు చట్రాల దగ్గర నిలబెట్టాను. అబ్బాయి డ్రైవరు సీటులో కూర్చుని కాలు బ్రేకు మీద పెట్టాడు. ఇంజన్ నడవనప్పుడు బ్రేకు పెడల్ గట్టిగా ఉంటుందని, రెండు కాళ్లతోనైనా తొక్కాల్సి రావచ్చని ముందే చెప్పాను. ఇంకొకరు వెనుక చక్రాల ముందు రాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కారు అంగుళం వెనక్కి పోయినప్పుడల్లా రాయిని అంగుళం జరపడమే ఆయన పని. తోయడం, రాయి జరపడం, బ్రేకు తొక్కడం నా మాట మీద ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. టైరుకు, గట్టు రాయికి మధ్య బెత్తెడు సందు వచ్చింది. స్టీరింగ్ కుడికి నొక్కి పట్టి కీ తిప్పాను. టక్కుమని వదిలింది.

కీ తిరిగింది, లైట్లు వచ్చాయి. స్టార్టర్ తిరిగింది కానీ ఇంజన్ అందుకోలేదు. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఉన్న లైటు మిణుకుతోంది.

కటింగ్ ప్లేయర్ చేసిన నష్టం అప్పుడు బయటపడింది. కీ తల ప్లాస్టిక్ పగిలి ఒక పక్క తెరుచుకుని ఉంది. అందులో ఉండాల్సిన చిప్ లేదు. చాలామంది కీ అంటే ఇనుప ముక్క అనుకుంటారు. ఇప్పటి కార్లలో ఆ ముక్క తాళాన్ని తిప్పుతుంది, ఇంజన్‌కు అనుమతి ఇచ్చేది మాత్రం తలలోని చిప్. ఈ కారులో అది సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న నల్లటి ముక్క. దానికి బ్యాటరీ ఉండదు. బ్యారెల్ చుట్టూ ఉన్న కాయిల్ దానికి శక్తినిచ్చి, దాని సంఖ్యను చదువుతుంది. సంఖ్య కలవకపోతే ఇంజన్‌కు ఇంధనం, మంట అందవు. ఫోను లైటు పెట్టి డ్రైవరు కాళ్ల దగ్గర చాప ఎత్తి వెతికితే చిప్ దొరికింది. ఎవరి కాలి కిందా పడి నలగకపోవడం వాళ్ల అదృష్టం. బ్యారెల్ పక్కన ఆనించి పట్టుకోగానే ఇంజన్ స్టార్ట్ అయింది. చిప్‌ను కీ తలకు టేపుతో కట్టి ఇచ్చి, ఇంటికి వెళ్లేదాకా దారిలో ఎక్కడా ఇంజన్ ఆపవద్దని, బండి నిలపాల్సి వస్తే చదునైన చోట గేరు న్యూట్రల్‌లో పెట్టి కాలి బ్రేకు మీదే ఆపమని చెప్పాను. మర్నాడు కారు షెడ్డుకు వచ్చింది.

షెడ్డులో మొదట చూసింది లాక్ కాదు, హ్యాండ్ బ్రేకు. లివరు పైదాకా లాగినా వెనుక చక్రాలు చేతితో తిరిగాయి. కేబుల్ సాగిపోయింది, వెనుక చక్రాల డ్రమ్ములలో వాటికి ఒరిసి బండిని ఆపే బ్రేకు షూలు అరిగిపోయాయి. మొత్తం కేసు ఇక్కడ తేలింది. అబ్బాయి వాలులో చక్రాన్ని గట్టు వైపు తిప్పి నిలపడం తప్పు కాదు, మంచి అలవాటు. హ్యాండ్ బ్రేకు పట్టుకోలేదు, న్యూట్రల్‌లో ఉన్న గేరు ఆపలేదు, కారు మెల్లగా జారి రాయి మీద బరువు మోపింది. ఆ బరువు టైరుకు, టైరు నుంచి షాఫ్టుకు, షాఫ్టు నుంచి పిన్నుకు చేరింది. స్టీరింగ్ బిగుసుకుందని వచ్చిన బండికి మొదటి మరమ్మతు వెనుక చక్రాల బ్రేకుల్లో జరిగింది.

తర్వాత కీ. బల్ల మీద ఆనించి కంటికి అడ్డంగా పెట్టి చూస్తే నడుం దగ్గర సన్నటి మెలిక కనిపించింది. తల దగ్గర వెంట్రుక మందం పగులు. ఇంకోసారి గట్టిగా తిప్పితే సగం బ్యారెల్‌లోనే ఉండిపోయేది. పైగా ఇది కంపెనీ కీ కాదు, నకలు కీ. పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. బ్యారెల్‌లో స్ప్రింగుల మీద కూర్చున్న ఇత్తడి రేకులుంటాయి. సరైన కీ వాటన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే బ్యారెల్ తిరుగుతుంది. అరిగిన కీని చూసి మరో కీ కోయిస్తే అరుగుదల కూడా నకలవుతుంది. అటువంటి కీ మామూలు రోజుల్లో తిరుగుతూనే ఉంటుంది. పిన్ మీద కొంచెం బరువు పడిన రోజు మొరాయిస్తుంది.

బ్యారెల్‌లోకి ఎప్పుడో ఎవరో నూనె పోశారు. మన నల్లగొండ దుమ్ము ఆ నూనెను పట్టుకుని లోపల మడ్డిలా తయారైంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, గాలి పట్టి ఆరబెట్టి, గ్రాఫైట్ పొడి వేశాను. తాళంలో నూనె వేయవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. వేసిన వారం బాగానే తిరుగుతుంది, ఏడాది తిరిగేసరికి ఇదే పరిస్థితి.

పిన్నును చూడటానికి కాలమ్ కవరు విప్పాలి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగిన తర్వాతే చేయి పెట్టాను. పిన్ అంచున ఒత్తిడి గుర్తు పడింది కానీ చీలలేదు, వంగలేదు. బ్యాటరీ మళ్లీ కలిపి, ముందు చక్రాలు లేపి, కీ ఆన్‌లో పెట్టి స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ విన్నాను. ఎక్కడా తగులుతున్న శబ్దం లేదు. పిన్ పూర్తిగా వెనక్కి వస్తోంది. పవర్ స్టీరింగ్ లైటు కీ ఆన్ చేయగానే వెలిగి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరింది. కింద షాఫ్ట్ జాయింట్ సాఫీగా ఉంది.

ఈ చివరి రెండూ ఎందుకు చూశానంటే, స్టీరింగ్ బిగుసుకుందని వచ్చే బండ్లన్నీ లాక్ బండ్లు కావు. ఒక వైపో, రెండు వైపులానో కొద్దిగా కదిలి గట్టిగా ఆగితే, కీ కూడా తిరగకపోతే, అది లాక్. కీ తిరిగి, లైట్లు వచ్చి, స్టీరింగ్ మొత్తం తిరుగుతూ బరువుగా ఉంటే అది పవర్ స్టీరింగ్ లేదా బ్యాటరీ. ఒక్కో చోట పట్టి, ఒక్కో చోట వదులుతుంటే తుప్పు పట్టిన షాఫ్ట్ జాయింట్‌ను అనుమానించాలి. ఈ తేడా తెలియక బ్యారెల్ మార్చి, డబ్బు పోసి, మళ్లీ అదే బాధతో తిరిగిన బండ్లు మా షెడ్డుకు వచ్చాయి.

పని ముగిసే వేళకు సార్ ఒక మాట అడిగారు.

"ఆ పిన్నే లేకుండా చేస్తే గొడవ ఉండదు కదా తమ్ముడూ. మా ఊరి మెకానిక్ ఒకాయన తీసేస్తాను అంటున్నాడు."

"నేను తీయను సార్. మీరూ తీయించవద్దు" అని చెప్పి, కారణం వివరించాను. ఈ లాక్‌ను కాలమ్‌కు బిగించే బోల్టులు తల విరిగిపోయే రకం. బిగించగానే తల తెగిపోతుంది, మళ్లీ పానా పట్టదు. దొంగ విప్పకూడదనే ఆ ఏర్పాటు. వాటిని డ్రిల్లు వేసి తీయాలి. ఆ ఓపిక లేనివాళ్లు పిన్నును కోసి ముక్కను లోపలే వదిలేస్తారు, లేదా స్ప్రింగు తీసి పిన్నును అలాగే ఉంచుతారు. రోడ్డు మీద గుంతలో పడ్డప్పుడు ఆ ముక్క గాడిలోకి జారితే నడుస్తున్న కారులో స్టీరింగ్ బిగుసుకుంటుంది. నిలబడిన బండిలో బిగుసుకున్న స్టీరింగ్ ఒక రాత్రి నిద్ర పాడుచేస్తుంది. పరుగెత్తే బండిలో బిగుసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఇది దొంగతనానికి అడ్డుకట్ట కూడా. అమెరికాలో 1970 నుంచి అమలైన నిబంధన ప్రకారం కీ తీసిన కారు స్టీరింగైనా, కదలికైనా ఆగాలి. చిప్‌లు పుట్టకముందు దొంగను ఆపింది ఈ పిన్నే. ఇప్పుడు కూడా చిప్‌ను మోసం చేయగలిగినవాడికి ఇదే రెండో గోడ.

అదే మాటల్లో శ్రీశైలం ఘాట్ ప్రస్తావన వచ్చింది. దోమలపెంట దాటాక దిగుడులో పెట్రోలు ఆదా అవుతుందని ఇంజన్ ఆపేసి జారుకుంటూ వెళ్లేవాళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది. బ్రేకుకు వ్యాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది. కంగారులో కీని ఇంకా వెనక్కి తిప్పి బయటకు లాగితే, మలుపు మధ్యలో పిన్ గాడిలో దిగుతుంది. చాలా మాన్యువల్ కార్లలో కీని లోపలికి నొక్కితే తప్ప లాక్ స్థానానికి పోదు. ఆ ఏర్పాటు చేసింది ఇందుకే. అరిగిన బ్యారెల్‌లో ఆ రక్షణను పూర్తిగా నమ్మలేం.

కీ గుత్తి గురించి కూడా చెప్పాల్సి వచ్చింది. సార్ కీకి ఇంటి తాళాలు, బీరువా తాళం, స్కూలు తాళాలు వేలాడుతున్నాయి. ఆ బరువు గతుకుల్లో ఊగుతూ బ్యారెల్‌ను రోజూ అరగదీస్తుంది. 2014లో జనరల్ మోటార్స్ లక్షలాది కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి లోపానికే: ఇగ్నిషన్ స్విచ్ బలహీనంగా ఉండి, కుదుపుకో గుత్తి బరువుకో కీ తనంతట తాను జారి ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. మరమ్మతు అయ్యేదాకా కీని గుత్తి నుంచి విడదీసి వాడమని ఆ కంపెనీయే యజమానులకు చెప్పింది. మన ఇళ్లలో కారు కీ ఒంటరిగా ఉండటం అరుదు. కనీసం ఆ ఒక్క కీని విడిగా ఉంచుకోమని అడుగుతున్నాను.

బటన్ స్టార్ట్ బండి అయి ఉంటే నేను వేరే చోట మొదలుపెట్టేవాడిని. చాలా వాటిలో పిన్నును చిన్న మోటారు కదిలిస్తుంది. అక్కడ మొదటి అనుమానం బ్యాటరీ మీద. విశ్రాంతిలో 12.6 వోల్టులు ఉండాల్సింది 12 కన్నా కిందికి పోతే మోటారు పిన్నును లాగలేకపోవచ్చు. టైరు బరువు వల్ల బిగుసుకుంటే సూత్రం ఇదే: స్టీరింగ్‌ను కదిలే వైపు పట్టి ఉంచి బటన్ నొక్కాలి. ఏ రకం బండినైనా ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగించాల్సి వస్తే, ముందు లాక్ వదిలిందో లేదో చూసుకోవాలి.

ఈ కారుకు చివరికి చేసినవి: వెనుక బ్రేకు షూలు, హ్యాండ్ బ్రేకు కేబుల్ కొత్తవి. బ్యారెల్ శుభ్రం చేసి అదే ఉంచాం. మొత్తం లాక్ సెట్టు మార్చాల్సినంత అరుగుదల లేదు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించి డీలర్ ద్వారా కంపెనీ కోడ్ ప్రకారం రెండు కొత్త కీలు కోయించాం, పాత కీ నకలు కాదు. చిప్‌లు నమోదు చేసేటప్పుడు ఇమ్మొబిలైజర్‌లో, అంటే చిప్ సంఖ్య కలిస్తేనే ఇంజన్‌ను నడవనిచ్చే ఏర్పాటులో, అప్పటిదాకా ఉన్న పాత కీలన్నిటినీ చెరిపేయమని ప్రత్యేకంగా అడిగాను. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లందరూ ఈ పని చేయించాలి. కంపెనీ ఇచ్చిన అసలు కీలు ఎవరి సొరుగులో ఉన్నాయో కొన్నవారికి తెలియదు. చెరిపేశాక ఆ కీతో తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజన్ నడవదు.

వాలులో నిలిపే వరుస అబ్బాయికి షెడ్డు ముందున్న ర్యాంపు మీదే చూపించాను. కాలి బ్రేకు మీద బండిని ఆపాలి, హ్యాండ్ బ్రేకు లాగాలి, కాలు మెల్లగా వదిలి బండి నిలిచిందో లేదో చూడాలి. నిలిచాక మళ్లీ కాలు పెట్టి, ముక్కు పల్లం వైపు ఉంటే చక్రాన్ని గట్టు వైపు, ఎత్తు వైపు ఉంటే గట్టుకు దూరంగా తిప్పి, స్టీరింగ్ మీద పట్టు సడలించి, అప్పుడు ఇంజన్ ఆపాలి. పల్లం వైపు ముక్కు ఉంటే రివర్స్ గేరు, ఎత్తు వైపు ఉంటే మొదటి గేరు వేసి దిగాలి. టైరు రాయి దగ్గర ఉండవచ్చు, దాని మీద బరువు మాత్రం మోపకూడదు. అతను నా ముందే రెండు వైపులా నిలిపి చూపించాడు. ప్రతిసారీ కీ ఒక వేలి బలంతో తిరిగింది. రెండో కొత్త కీని కారులో కాకుండా ఇంట్లో ఉంచమని, కీ నంబరున్న బిళ్లను దానికి కట్టకుండా వేరే చోట దాచమని చెప్పి బండి అప్పగించాను.